సెలీనియం కంపూ, అక్క ముక్కూ

మొన్న ఫిల్మ్ నగర్‌లో అక్కావాళ్ళింటికి వెళ్ళి తలుపు తోసేసరికి గుప్పున గ్యాస్ వాసన. పరుగున వెళ్ళి స్టవ్ కట్టేసి, కిటికీలన్నీ తెరిచి చూస్తే, అక్క హాల్లో తాపీగా చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ, ఏమిటే ఆ కంగారు అంటోంది. పాలు పొంగి మంట ఆరిపోయిందన్నమాట. పోయిన ఏడాది జ్వరం వచ్చాక తనకి వాసన తెలియడం లేదన్న సంగతి అప్పటిదాకా నాకు చెప్పనే లేదు. ఆ భయం నాకింకా తగ్గలేదు.

అదేమన్నా సామాన్యమైన ముక్కా! మన తరంలో మందుల కంపెనీ ల్యాబుల్లో పనిచేసినవాళ్ళకి ఫినైల్ సెలీనైల్ క్లోరైడ్ అనే సెలీనియం రసాయనం గుర్తుండే ఉంటుంది. చూడ్డానికి ముద్దుగా నారింజరంగు పలుకులు; అణువులో ఒక జంట బంధం తేవడానికి ముందు సెలీనియాన్ని తగిలించి, తర్వాత పెరాక్సైడు పోసి వదిలించేవాళ్ళం. అది అణువుని వదిలేది గాని మమ్మల్ని వదిలేది కాదు, కుళ్ళిన ముల్లంగి లాంటి కంపు జుట్టులోనూ గోళ్ళలోనూ కాపురం పెట్టేది. రోజూ అందులోనే ఉండి ముక్కులు మొద్దుబారడంతో మాకు మాత్రం తెలిసేది కాదు.

అప్పట్లో నేను అక్కావాళ్ళ దగ్గరే ఉండేదాన్ని. స్టూడియోలో మేకప్‌మాన్‌గా చేసే బావ, విగ్గు కింద తొడిగే టోపీ ఒకటి తెచ్చి ల్యాబులో పెట్టుకోమని ఇచ్చారు. అయినా సాయంత్రం అక్క నన్ను గుమ్మంలోనే ఆపి, జుట్టూ చేతులూ వాసన చూశాకే లోపలికి రానిచ్చేది. నాకేమో ఉక్రోషం. ఒకరోజు అలాగే చూస్తూ నా ఎడమచేతి చూపుడువేలి దగ్గర ఆగిపోయింది.

"ఈ ఒక్క వేలికే ఎందుకొస్తోందే? ఒంట్లోకి దిగుతోందేమోనే, నాకు భయంగా ఉంది," అంది కళ్ళనీళ్ళతో.

మర్నాడు ల్యాబులో నేను తొడుక్కునే గ్లవ్‌లో నీళ్ళు పోసి చూస్తే ఆ వేలి కొసన సూదిమొనంత చిల్లు. ఆ తర్వాత గుమ్మంలోకి రాగానే నేనే చేతులు చాపేదాన్ని.

ఇప్పుడు వాళ్ళ వంటింట్లో గ్యాస్ లీకైతే అరిచే యంత్రం పెట్టించాను. ఒకప్పుడు మనిషికి మనిషి కాసిన కాపలా ఇప్పుడు గోడకున్న డబ్బా కాస్తోంది, కానీ దాని మీద నాకు నమ్మకం కుదరడం లేదు. బావ షూటింగుకి వెళ్ళిన రోజున అక్క ఫోన్ ఎత్తకపోతే చాలు, యూసుఫ్‌గూడలో మా ఇంటి ముందే ఆటో ఎక్కేస్తున్నాను.

నిన్నా అంతే. తలుపు తీసిన అక్కని చూడగానే ప్రాణం లేచొచ్చి, పాత అలవాటున చేతులు చాపాను. అక్క నవ్వి, వేళ్ళు ముక్కు దగ్గర పెట్టుకుని, "ఏ వాసనా లేదు, రావే లోపలికి," అంది.

వెల్లుల్లి ఒలుస్తున్నదాన్ని ఉన్నపళంగా వదిలేసి, చేతులైనా కడుక్కోకుండా వచ్చాను.