జీడినూనె రాసిన నేల

1968 వేసవి. టెక్కలి హైస్కూలుకు దగ్గర్లో జగన్నాథం మాస్టారు కొత్తగా కట్టుకున్న రెండు గదుల పెంకుటింట్లో నేల వేసే పని నాకు వచ్చింది. అప్పటికి నేలలు వేయడంలో నాకు పద్నాలుగేళ్ళ అనుభవం. గోడలు లేపే మేస్త్రీ వేరు, నేల మేస్త్రీ వేరు. గోడ కాస్త వంకరపోతే సున్నం కొట్టి దాచేయొచ్చు. నేల వంకరపోతే, చెంబెడు నీళ్ళు ఒలికిన రోజున ఇంటిల్లిపాదికీ తెలిసిపోతుంది.

ఇల్లు కట్టుకునేవాళ్ళు ఇప్పటికీ నన్నడుగుతుంటారు, మట్టిపలకల నేల మంచిదా, సిమెంటు గచ్చు మంచిదా అని. ఉన్నదున్నట్టు చెబుతాను. కుమ్మరి బట్టీలో కాలిన జానెడు పలక ఎండాకాలంలో ఒంటికి చల్లగా ఉంటుంది, వానాకాలంలో కాలు జారనివ్వదు. ముసలివాళ్ళ మోకాళ్ళకు గచ్చంత కరకుగా తగలదు. ఒక పలక పగిలితే ఆ ఒక్కదాన్నే తీసి కొత్తది పెట్టుకోవచ్చు. ఇక లోపాలు. చేత్తో చేసింది కనుక ఏ రెండు పలకలూ ఒక్కలా ఉండవు. ఎంత లెవెల్ చూసి వేసినా, అంటే నీటిమట్టం పట్టి ఎత్తుపల్లాలు సరిచేసినా, మంచం కోడు ఒకటి ఊగుతూనే ఉంటుంది. సముద్రం ఒడ్డునున్న మా ఉద్దానం వైపు చాలామంది ఇంటి ముందు దొరికే సముద్రపు ఇసుకే వాడేస్తారు. రెండేళ్ళు తిరక్కుండా నేలంతా తెల్లగా ఉప్పు పూస్తుంది. అన్నిటికన్నా పెద్ద లోపం ఇంకొకటి ఉంది. మట్టిపలక దేన్నయినా తాగేస్తుంది. పులుసు ఒలికినా, దీపం నూనె ఒలికినా ఆ మరక ఇంకిపోయి, ఇల్లున్నంతకాలం ఉంటుంది.

ఈ చివరి లోపానికి మందు కనిపెట్టినవాడు దండాసి. ఆ పేరు రాస్తుంటే ఇప్పటికీ నాకు చెయ్యి బరువెక్కుతుంది.

దండాసి బారువ వాడు. నా భార్య రాములమ్మకు మేనత్త కొడుకు. అతనికి కాలం కలిసిరాక నాకు దక్కింది గానీ, ఆమెను చిన్నప్పుడు అతనికే అనుకున్నారట. వయసులో నాకంటే రెండేళ్ళు పెద్ద, పనిలో నాకంటే ఆరేళ్ళు చిన్న. అయినా నలుగురిలో నన్ను "తమ్ముడూ" అని పిలిచేవాడు. నేను మాత్రం అతన్ని ఏ వరసా పెట్టి పిలిచేవాణ్ణి కాదు.

ఆ ఏడు మాఘంలో రాములమ్మ మందసలో ఒక శావుకారింటి పెళ్ళికి వెళ్ళింది. తిరిగొచ్చి చెప్పులు కూడా విడవకుండానే మొదలుపెట్టింది.

"మావా, ఆలింట్లో నేల మా బావేసినాడంట. పెళ్ళిలో సాంబారు గిన్ని తిరగబడిపోనాది. గుడ్డెట్టి తుడిసీసినారు. మరకే నేదు! అద్దం నాగుందనుకో."

నేను అన్నం దగ్గర నుంచి లేచిపోయాను. పద్నాలుగేళ్ళలో నేను వేసిన ఏ నేల గురించీ ఆమె అలా మాట్లాడలేదు. కుళ్ళు అంటారే, అది కడుపులో ఎక్కడ పుడుతుందో ఆ రోజు నాకు స్పష్టంగా తెలిసింది.

వారం తిరక్కుండా, పెళ్ళికి రాలేకపోయానని వంక పెట్టుకుని మందస బస్సెక్కాను. శావుకారు కొట్లో ఉన్నాడు. వాళ్ళమ్మాయి మంచినీళ్ళు తేవడానికి లోపలికి వెళ్ళగానే బోర్లా పడుకుని నేలను వాసన చూశాను. జీడినూనె! జీడిపిక్క తొక్కలోంచి కారే నల్లటి నూనె అది. పడవలు నీళ్ళు తాగకుండా బారువలో దాన్నే రాస్తారు. దండాసి తండ్రి పడవలు బాగుచేసేవాడని నాకు ముందే తెలుసు. పడవకు రాసేది పలకకు రాశాడన్నమాట. ఇంత చిన్న సంగతి నాకెందుకు తట్టలేదని తిరుగు బస్సులో దారి పొడుగునా పళ్ళు కొరుక్కున్నాను. ఇంకేముంది, గుట్టు తెలిసిపోయిందనుకున్నాను.

మాస్టారింటి పని వచ్చింది ఆ తర్వాతే, ఎండలు ముదిరాక. ఆయన తల్లి సుభద్రమ్మగారికి డెబ్బై దగ్గర పడుతున్నాయి. మోకాళ్ళ నొప్పులు. మంచం ఎక్కరు, కింద చాప వేసుకునే పడుకుంటారు. ఆమె కోసమే మట్టిపలకలు కావాలన్నారు.

"మందసలో ఎవరో దండాసట, మరక పట్టని నేల వేస్తాడని విన్నాను. అతన్ని పిలుద్దామనుకుంటున్నాను మేస్త్రీ" అన్నారు మాస్టారు.

"అతనెందుకండీ? ఆ పని నాకూ తెల్సు. అమ్మగారు సోంపేట నుండి వచ్చీసరికి నేల తయారుగుంటాది" అన్నాను. ఆమె కూతురింటి నుంచి రావడానికి నెల రోజులే గడువుంది. ఎన్నాళ్ళు పడుతుందో నాకు తెలియకుండానే మాట ఇచ్చేశాను.

పలకలు మాత్రం ప్రాణం పెట్టి వేశాను. ఒక్కో పలకనూ వేలి కణుపుతో కొట్టి చూసి, కంగుమన్నవే తీసుకున్నాను. రాత్రంతా తొట్టిలో నానబెట్టాను, లేకపోతే సున్నంలో నీళ్ళన్నీ పలకే తాగేస్తుంది. ఏటి ఇసుక తెప్పించి, ఉప్పు లేదని నాలిక మీద వేసుకుని మరీ చూశాను. జాయింట్లు, అంటే పలకకీ పలకకీ మధ్య సందులు, దారం పట్టినట్టు వచ్చాయి. ఆ తర్వాత పలాసలో జీడిపిక్కలు కాల్చే బట్టీ దగ్గర డబ్బా నూనె తెచ్చి, కొబ్బరి పీచుకు గుడ్డ చుట్టి, రెండు పూతలు దట్టంగా పట్టించాను. చేతులకు కొబ్బరినూనె రాసుకున్నాను కనుక నాకు వేళ్ళ సందుల్లో కాస్త దురద పెట్టి పోయింది.

నేల మెరిసింది. ముందుగా పిలుచుకొచ్చి చూపించింది రాములమ్మకే. గుమ్మంలో నిలబడి చూసి, వంగి వేలితో తాకింది.

"బాగుంది గానీ మావా, జిడ్డుగుందేటి? మా బావది సేతికి అంటుకోనేదు. ఓపాలి బావనడగరాదా?"

"మీ బావనడిగి నేలెయ్యాల్సిన కర్మ నాకు పట్టనేదు!" అని ఇల్లెగిరిపోయేలా అరిచాను. ఆమె వేలు కొంగుకు తుడుచుకుని బయటికి వెళ్ళిపోయింది. సాయంత్రానికి ఆ వేలి మీద చిన్న బొబ్బ లేచింది. అది చూశాను. చూసి కూడా, పొయ్యి దగ్గర కాల్చుకుని ఉంటుందిలే అనుకున్నాను. ఈ కథలో నన్ను నేను క్షమించుకోలేని చోటు అదే.

నాలుగు రోజులకు సుభద్రమ్మగారు వచ్చారు. ఎండ మండిపోతోంది. మధ్యాహ్నం భోంచేసి, ఒళ్ళు చల్లబడుతుందని చాప కూడా వేసుకోకుండా ఉత్త నేల మీద చెంప ఆనించి పడుకున్నారట. మర్నాడు మాస్టారు సైకిలు మీద మా ఇంటికి వచ్చారు. కేకలేస్తే బాగుండేది. "మేస్త్రీ, మా అమ్మనొకసారి చూద్దువుగాని రా" అని మాత్రం అన్నారు.

చూశాను. ఎడమ చెంపంతా బొబ్బలు. మోచేయి నుంచి మణికట్టు దాకా తోలు ఎర్రగా ఉబ్బిపోయింది. ఎడమ కన్ను వాచి మూసుకుపోయింది. ఆమెను మంచం మీద, ఎప్పుడూ ఎక్కని మంచం మీద, కూర్చోబెట్టారు.

"నేలేసింది నువ్వేనా నాయనా? చల్లగానే ఉంది. ఏం రాసేవు దానికి?" అని అడిగారు మెల్లగా.

చెమటకాయలేమోనండీ అనబోయాను, నిజంగానే నోటిదాకా వచ్చింది. పక్కనున్న డాక్టరుగారు "అదేదో తెలిస్తేగాని మందివ్వలేను. కంట్లోకి దిగిందేమోనని నా భయం" అన్నారు. జీడినూనె అని చెప్పేశాను. మాస్టారు నా మొహం కూడా చూడలేదు. "పలకలన్నీ పీకెయ్ మేస్త్రీ. గచ్చు చేయించుకుంటాను" అన్నారు.

ఆ మధ్యాహ్నమే బారువ వెళ్ళాను. అంత దూరాన ఉన్న ఇచ్ఛాపురం నడిచి వెళ్ళమన్నా ఇంతకంటే సులువుగా వెళ్ళేవాణ్ణి. దండాసి ఇంటి ముందు పలకలు ఏరుకుంటున్నాడు. మొదటిసారి నా నోటి నుంచి ఆ పిలుపు వచ్చింది.

"దండాసన్నా, ఓ ముసలమ్మ కన్ను మీదికి తెచ్చీసినాను."

అతను సంగతంతా విని ఒకటే ప్రశ్న వేశాడు. "నూనె కాసినావా?"

"నేదు."

"పచ్చినూనె పూసీసినావేటి తమ్ముడూ!" అని నెత్తి కొట్టుకున్నాడు. "అది నిప్పుతో సమానం కాదేటి? ఆరుబైట కాయాల. నురగ సచ్చినదాకా కాయాల. సల్లారినాక కాసింత కిరసనాయిలు కలిపి, తడి కనపడకుండా గుడ్డతో తుడిసినట్టు పూయాల. పది రోజులు గాలికొగ్గీసి ఇంకోపాలి. అలాగ మూడు పాలీలు. సేతికి అంటడం మానినదాకా గడప దాటి ఒక్కల్నీ రానియ్యకూడదు. రెండు నెల్లు పడతాది."

పని వదిలేసి మర్నాడు నాతో టెక్కలి వచ్చాడు. ముందు సుభద్రమ్మగారి దగ్గరికి వెళ్ళి, ఆమె చెంప చూసి, "తగ్గిపోద్దమ్మా. నా సిన్నతనంలో మా నాయిన పూసిన పడవెక్కి ఆరకముందే కూకున్నాను. వారం రోజులు బోర్లా పడుకున్నాను" అన్నాడు. ఆ నొప్పిలోనూ ఆమె నవ్వారు. ముందురోజు అదే గదిలో నిలబడి నేను ఒక్క ఓదార్పు మాట అనలేకపోయాను. అతను వస్తూనే నవ్వించాడు. అంత సిగ్గులోనూ నాకు ఒళ్ళు మండింది.

పలకలు పీకాల్సిన పని లేదని మాస్టారికి నచ్చజెప్పాడు. ఇద్దరం కాళ్ళకూ చేతులకూ గోనె చుట్టుకుని ఊక బూడిద మందంగా చల్లాం. అది నూనె పీల్చుకున్నాక ఎత్తి, గీకి, చాకలిసోడా కలిపిన నీళ్ళతో కడిగాం. తలుపులు ఊడదీసి గదులు గాలికి వదిలేశాం. అతను చేస్తున్న ప్రతి పనినీ నాకు పైకి చెబుతూనే ఉన్నాడు. ఉండబట్టలేక అడిగాను.

"ఇదంతా నాకేల సెప్తన్నావు? నీ గుట్టు కదా."

అతను గీకుతున్నవాడల్లా ఆగాడు. "గుట్టేటి? మందస వచ్చి నేల మీద బోర్లా పడుకొని వాసన సూసి ఎల్లిపోనావంట కదా. శావుకారి కూతురు సూసి సెప్పింది. తమ్ముడికి పని తెలుసుకోవాలనుందని నాను సంబరపడినాను. నేడొత్తాడు, రేపొత్తాడని సూసినాను. అడిగితే ఆరోజే సెప్పీవోణ్ణి కదా."

బూడిద కళ్ళలో పడినట్టు మొహం పక్కకు తిప్పుకున్నాను.

తొమ్మిదో రోజుకు సుభద్రమ్మగారి కన్ను తెరుచుకుంది. చూపుకు ఏమీ కాలేదు. చెంప మీద మాత్రం బొట్టుబిళ్ళంత నల్లమచ్చ నిలిచిపోయింది. ఆమె పెరటి వసారాలో, పేడ అలికిన నేల మీద రెండు నెలలు ఓపిక పట్టారు. చివరి పూత ఆరాక, నేను గది మూల నా చొక్కా విప్పి ఉత్త వీపుతో గంటసేపు పడుకున్నాను. దురద లేదు. అప్పుడు ఆమెను రమ్మన్నాను. చాప తీసేయించి, పమిట పరుచుకుని, అదే చెంప ఆనించి పడుకున్నారు. నాకు ఏడుపొచ్చింది.

మట్టిపలకల నేల మంచిదా అని అడిగేవాళ్ళకు నా జవాబు ఇదే. మంచిదే, దానికి కావలసినన్ని రోజులు ఇవ్వగలిగితే. ఆ రోజులు ఇవ్వలేకపోతే సిమెంటే చేయించుకోండి. మరక పట్టినా పర్వాలేదు గానీ, తెలియనివాడి చేత మాత్రం జీడినూనె రాయించకండి.

నా సంగతంటారా? ఆ ఇంట్లో ప్రతి పలకా ఏరింది నేను, ప్రతి జాయింటూ నింపింది నేను. టెక్కలిలో మాత్రం దాన్ని దండాసి నేల అంటారు. విన్నప్పుడల్లా ఇప్పటికీ లోపల భగ్గుమంటుంది. దండాసి పద్ధతిలోనే నేల వేసుకున్న మా ఇంట్లో రాములమ్మ పులుసు ఒలకబోసి, గుడ్డతో తుడిచి, నా వైపు చూసి నవ్వుకుంటుంది. అప్పుడూ అంతే.

కానీ నాకు తెలియని పని ఏదైనా ఎదురైతే, తెలుసని నాలిక చివరిదాకా వచ్చిన మాట అక్కడే ఆగిపోతుంది. ఆ ముసలమ్మ చెంప మీది మచ్చ కళ్ళ ముందు మెదులుతుంది. బస్సెక్కి బారువ వెళ్ళి, "అన్నా, ఇదెలాగ సెయ్యాల?" అని అడుగుతాను. అడిగిన ప్రతిసారీ కడుపు మండుతూనే ఉంటుంది. అయినా అడుగుతాను.