పదమూడు మెట్లూ ఆర్డిస్ మోకాలూ

ఆర్డిస్‌కి వ్యాయామం అంటే ఒళ్లు మంట. డెబ్బై రెండేళ్లొచ్చేదాకా ఆ మాటతో ఆమెకి పనే పడలేదు మరి. అమెరికాలో, మిన్నెసోటాలో నలభై ఆవులున్న ఇంట్లో పుట్టి, ముప్పై ఆవులున్న ఆర్విడ్‌ని చేసుకుని, పొద్దున నాలుగున్నరకోసారీ సాయంత్రం నాలుగున్నరకోసారీ పొదుగుల కింద కూర్చుని లేచిన మనిషి. ఆవుల్ని అమ్మేసి ఎనిమిదేళ్లయింది. రోడ్డు మీద రంగురంగుల బూట్లేసుకుని పరిగెత్తేవాళ్లు కనిపిస్తే కారు ఆపి, "ఏం తప్పిపోయింది? దూడా, కుక్కా?" అని అడిగేది. ఏదీ తప్పిపోలేదంటే, అయ్యో, ఇంట్లో ఈ మనిషికి ఒక్క పని చెప్పే దిక్కు లేదు కాబోలు అని జాలిపడి వెళ్లిపోయేది.

ఆర్డిస్ పేరు చెబితే ఊళ్లో ఎవరికైనా గుర్తొచ్చేది లెఫ్సే, తాతలు నార్వే నించి తెచ్చుకున్న వంట. ఉడికిన బంగాళాదుంపల్ని వెన్న, మీగడ, పిండి వేసి పిసికి, కాగితంలా ఒత్తి, బండి చక్రమంత పెనం మీద కాల్చే రొట్టె. పొడుగాటి పల్చని బద్దతో ఎత్తి ఒక్కసారే తిప్పాలి. రెండోసారి తిప్పితే ఆ మనిషికి పని రాదని అర్థం. నవంబరు మొదటి శనివారం నార్డ్‌లండ్ చర్చిలో చేపల విందు జరుగుతుంది. బట్టల సోడా నీళ్లలో నానబెట్టి వణికే ముద్దలా చేసిన ఆ చేపని మనసారా తిన్నవాణ్ని ఇంతవరకూ ఎవరూ చూడలేదు. అందరూ వచ్చేది లెఫ్సే కోసం. ఆ పెనం దగ్గర ముప్పై ఒక్క ఏళ్లుగా నిలబడింది ఆర్డిస్. అంతకు ముందు ఆమె అత్తగారు నిలబడేది. ఆవిడ బద్ద వదిలింది ప్రాణం పోయాకే.

చిక్కల్లా ఏమిటంటే, ఆ వంటిల్లు చర్చి కింద ఉంది. పదమూడు మెట్లు, నిట్టనిలువుగా. ఆర్డిస్ కుడి మోకాలేమో రెండేళ్లుగా తుప్పు పట్టిన తలుపు. పోయిన ఏడాది పళ్లు కరుచుకుని దిగింది కానీ, విందయ్యాక ఎక్కలేకపోయింది. నలుగురు మగాళ్లు మడత కుర్చీలో కూర్చోబెట్టి పల్లకీలో దేవతని మోసినట్టు పైకి మోశారు. ఆమె ఒళ్లో చేతిసంచీ పెట్టుకుని పైకప్పు వంక చూస్తూ ఉండిపోయింది. ఎవరూ ఒక్క మాట అనలేదు. ఆ ఊళ్లో అంతకంటే అవమానం ఇంకోటి లేదు.

సెప్టెంబరులో లవోన్ వచ్చింది. ఎదురింటావిడ, చిన్నప్పట్నించీ జతగత్తె. పెనం మీద కన్నేసి కూడా ఇరవై ఏళ్లు దాటింది.

"ఆర్డిస్, నీకే సుఖంగా ఉంటుందని అందరూ అనుకుంటున్నారు. ఈసారి పైన తలుపు దగ్గర కూర్చుని టికెట్లు చింపు. మెత్త కూడా వేస్తారట."

"పెనం దగ్గరెవరో?"

"ఎవరో ఒకరు," అంది లవోన్, బిస్కెట్టు కాఫీలో ముంచుతూ.

"ఎవరో ఒకరంటే నువ్వేగా!"

"నేనడగలేదు. వాళ్లడిగితే కాదనలేదు."

"నువ్వు కాల్చినవి ఈస్టర్‌కి తిన్నాలే. చెప్పులకి అట్టలు వేయించుకోవచ్చు."

"నా చెప్పులు మెట్లు దిగుతాయి కదా మరి."

ఆర్డిస్ కప్పు ఠక్కున కింద పెట్టింది. "ఆ శనివారం నా కాళ్లతో నేను దిగుతా. దిగలేకపోయానో, బద్ద నీదే. నేనే తెచ్చి చేతిలో పెడతా."

మర్నాడే డాక్టరు దగ్గరికి వెళ్లింది. ఆయన ఫోటో తీసి చూసి, మోకాట్లో గుజ్జు కాస్త అరిగింది, ఆపరేషన్ దాకా రాలేదు, కదిలిస్తే ఇంకా అరుగుతుందనుకోవద్దు, తొడ గట్టిపడితే మోకాలు మాట వింటుంది అని చెప్పి, వ్యాయామం చేయించే కార్మెలా దగ్గరికి పంపాడు. కార్మెలాది న్యూజెర్సీ. ఇక్కడి కుర్రాణ్ని చేసుకుని వచ్చిపడింది. వాళ్ల వైపు కాలికి రాయి తగిలితే వీధి వీధంతా వినాలి. ఇక్కడ రాయి పగిలినా వినపడకూడదు. ఆ సంగతి పాపం ఆమెకి ఎవరూ చెప్పలేదు.

"చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవండి. మళ్లీ కూర్చోండి," అంది కార్మెలా.

"లేచి ఎక్కడికెళ్లాలి?"

"ఎక్కడికీ లేదు. మళ్లీ కూర్చోవడమే."

"అయితే లేవడం దేనికమ్మా? ఇప్పుడు కూర్చునే ఉన్నాగా."

"తొడలకి బలం రావాలని."

"దాంతో పాటు ఇంకో పనేదైనా అయ్యేట్టుంటే చెప్పు, చేస్తా. ఊరికే లేచి కూర్చోడానికి నేనేం కోడిపెట్టనా?"

ఎలాగో పదిసార్లు చేయించింది. ఐదోసారికే మోకాట్లో ఎవరో మేకు దిగ్గొట్టినట్టయింది. "నొప్పి ఎంతుంది?" అని అడిగింది కార్మెలా. "సున్నా అంటే లేదు. పది అంటే ఇక భరించలేను అన్నట్టు."

ఆర్డిస్ ఆలోచించింది. చిన్నాన్న థోర్వాల్డ్ గుర్తొచ్చాడు. మొక్కజొన్న కోసే యంత్రంలో రెండు వేళ్లు పోతే, మిగిలిన ఆవుల పాలు పితికి, ట్రక్కు తనే నడుపుకుంటూ ఆసుపత్రికి వెళ్లి, "కాస్త గీరుకుంది" అన్నాడట. ఆయన ముందు ఈ మోకాలెంత?

"రెండు," అంది.

"రెండేనా! అయితే ఇరవై చేసెయ్యొచ్చు!"

మరుసటి వారం ఇరవై చేయించింది. పెదాలు సున్నం కొట్టినట్టు తెల్లబడ్డాయి. ఎంత అంటే రెండు. ఆ పై వారం ముప్పై, ఆ మీద చెక్కపెట్టె ఎక్కి దిగడం. చెమట మెడ మీద కాలవ కట్టింది. ఎంత అంటే రెండు. "మీరు మనిషి కాదండీ, ట్రాక్టరు!" అని వీపు తట్టింది కార్మెలా. ఆ మాటకి పొంగిపోయి, కారు దాకా గోడ పట్టుకుని నడిచింది మన ట్రాక్టరు.

ఇంటికొచ్చాక మూడు రోజులు కాలు మొద్దులా పడుండేది. ఇక రోజూ ఇంట్లో చెయ్యాల్సిన లెక్క సంగతి ఏం చెప్పను? చేసినట్టు కాగితం మీద టిక్కులు పెట్టుకోవాలి. ఆదివారం సాయంత్రం సోఫాలో కూర్చుని వారం టిక్కులన్నీ ఒకేసారి పెట్టేది, మూడు పెన్నులు మార్చి మార్చి.

"మూడు పెన్నులెందుకు?" అన్నాడు ఆర్విడ్. ఆ వారంలో అతనాడిన పెద్ద మాట అదే.

"అన్నీ ఒక్కరోజే పెట్టినట్టు కనపడకూడదని."

"ఊఁ," అన్నాడు. ఇంకో రంగు పెన్ను తెచ్చిచ్చాడు.

ఇలా వారానికి ఒకరోజు మోకాలిని చావగొట్టడం, ఆరు రోజులు బజ్జోబెట్టడం. ఏ మోకాలు బాగుపడుతుంది? విందుకి నాలుగు వారాలుందనగా, లవోన్ కొత్త సోఫా కొన్నానని కాఫీకి పిలిచింది. ఆర్డిస్ వెళ్లి కూర్చుంది. కూర్చోవడమేమిటి, మునిగింది. అంత లోతు, అంత మెత్తన. అరగంటయ్యాక లేవబోతే మోకాలు రానంది. మళ్లీ ప్రయత్నించింది, సంచీ సర్దుకుంటున్నట్టు నటిస్తూ. లాభం లేదు.

"ఇంకో కప్పు పొయ్యనా?" అంది లవోన్.

"వద్దులే."

"కొంచెం?"

"సరే, సగం."

నిండుగా పోసింది. ఆ తర్వాత ఇంకోటి. తర్వాత వాతావరణం వార్తలు చూశారు, రెండుసార్లు. నాలుగున్నరయింది. "నువ్వెప్పుడూ నాలుగింటికే వెళ్లిపోతావు," అంది లవోన్.

"ఇవాళ తొందరేం లేదు."

"అలాగా! అయితే మా మనవడి పెళ్లి ఫోటోలు తెస్తానుండు. మూడొందలున్నాయి."

మూడొందలూ చూసింది ఆర్డిస్, కాళ్లు బిగబట్టుకుని. పెళ్లికొడుకు మేనత్త కుక్కని కూడా మెచ్చుకుంది. ఐదో కప్పు పోస్తూ లవోన్ ఆగింది.

"ఆర్డిస్."

"ఊఁ."

"లేవలేకపోతున్నావు కదూ?"

"కాసేపు కూర్చోవాలనిపించింది."

"నాలుగు కప్పులు తాగావే. అది నా కొత్త సోఫా."

చంకల కింద చేతులేసి, "హుప్" అని లాగి లేపింది. ఆర్డిస్ స్నానాలగదికి వెళ్లొచ్చి, ఈసారి చెక్క కుర్చీలో కూర్చుంది. మొహం ఎర్రగా ఉంది.

"ఆ న్యూజెర్సీ ఆవిడకి నొప్పి ఎంతని చెబుతున్నావు?"

"రెండు."

"నిజంగా ఎంత?"

కిటికీ వైపు తిరిగింది ఆర్డిస్. "ఎనిమిది. పోయిన మంగళవారం తొమ్మిది."

లవోన్ కడుపు పట్టుకుని నవ్వింది. "ఓసి పిచ్చిమొహమా! నీ ఆవు కుంటుతుంటే పశువుల డాక్టరుతో బాగానే ఉందని చెప్పేదానివా?"

"ఆవు సంగతి వేరు. ఆవు విలువైంది," అంది ఆర్డిస్. ఆ మాటకి లవోన్ నవ్వు ఆగిపోయింది.

అప్పుడు ఆర్డిస్సే అడిగింది. "నేను దిగకపోతే పెనం నీదేగా. నీకెందుకింత పట్టింది?"

"నువ్వు పైన మెత్త మీద కూర్చుని టికెట్లు చింపుతుంటే, కింద నా రొట్టె ఎవడు మెచ్చుకుంటాడే? 'పాపం ఆర్డిస్' అనుకుంటూ నములుతారు. నాకా పాపం రొట్టెలొద్దు. మంగళవారం నీతో నేనూ వస్తున్నా."

వచ్చింది. గోడవార కుర్చీలో కోటు విప్పకుండా కూర్చుంది. "ఇవాళ నొప్పి ఎంత?" అంది కార్మెలా.

"రెం..."

లవోన్ దగ్గింది.

"ఏడు," అంది ఆర్డిస్, చర్చిలో బూతు మాట అన్నట్టు గొంతు తగ్గించి.

కార్మెలా చేతిలో పెన్ను జారిపోయింది. "ఏడా! ఇన్నాళ్లూ రెండన్నారుగా?"

"ఇన్నాళ్లూ ఏడే. ఇంకా ఎక్కువే."

"మరి చెప్పరేం?"

"నువ్వు చిన్నబుచ్చుకుంటావని."

"అమ్మా తల్లీ! మీ మోకాలిని నేను నెలరోజులు చిత్రహింస పెట్టానే! ఇది తెలిస్తే మా అమ్మ నన్ను ఇంట్లోకి రానివ్వదు!" అని రెండు చేతులూ పైకెత్తి గదంతా తిరిగింది. తర్వాత శాంతించి, కుర్చీ మీద ఎత్తుగా దిండు వేసి, "ఐదుసార్లే. పొద్దున ఐదు, సాయంత్రం ఐదు," అంది. "మూడు, నాలుగు దాకా నొప్పి రానివ్వండి. వచ్చిందంటే మోకాలు పాడైపోతోందని కాదు. మర్నాటి పొద్దుటికి ఎప్పటిలా సర్దుకోవాలి. సర్దుకోకపోతే ఎక్కువ చేశారన్నమాట, సగానికి తగ్గించండి. మానెయ్యొద్దు."

"నొప్పి సున్నా అయ్యాక మొదలెడితే?"

"సున్నా కోసం కూర్చుంటే టికెట్లు చింపుకోవడమే."

సంగతులన్నీ ఆమెకి ఎవరు మోశారో ఆర్డిస్‌కి తెలిసిపోయింది. లవోన్ వంక కొరకొరా చూసింది. లవోన్ కోటు గుండీలు లెక్కపెట్టుకుంటోంది.

ఐదుసార్లే అయినా, ఊరికే లేచి కూర్చోవాలంటే ఆర్డిస్‌కి మనసొప్పలేదు. కుర్చీని వంటగట్టు దగ్గరికి జరుపుకుంది. లేచినప్పుడల్లా ఒక బంగాళాదుంప చెక్కు తీసి కూర్చునేది. ఐదు లేవడాలకి ఐదు దుంపలు, పూటకి. వారం తిరిగేసరికి ఎనిమిది. ఆర్విడ్ పళ్లెంలోకి చూసి, "మళ్లీ దుంపేనా?" అన్నాడు.

"వ్యాయామం. తిను."

దిండు తీసేశాక గుమ్మం మెట్టు మొదలుపెట్టింది. పొయ్యిలోకి కట్టెలు ఒక్కొక్కటే మోసేది, ఒక్కో కట్టెకీ మెట్టు ఎక్కి దిగడం. మొదటి మూడు కట్టెలూ మోకాలు తిట్టేది, ఆమె దాన్ని నార్వే భాషలో తిరిగి తిట్టేది. నాలుగో కట్టెకి ఇద్దరూ కాస్త అలిసి ఊరుకునేవారు. ఇష్టమా అంటే ఏ రోజూ లేదు. కాగితం మీద టిక్కులు మాత్రం ఒక్క పెన్నుతోనే పడుతున్నాయి.

విందుకి పది రోజులుందనగా ఆశ పుట్టి, ఎవరికీ చెప్పకుండా చర్చికి వెళ్లి పదమూడు మెట్లూ రెండుసార్లు ఎక్కి దిగింది. మర్నాటికి మోకాలు బన్నురొట్టెలా పొంగింది. అయిపోయింది, ఇక మెత్తే గతి అని మంచం మీద కూర్చుని బూట్ల వంక చూస్తూ ఉండిపోయింది. తర్వాత లేచి కార్మెలాకి ఫోన్ చేసింది. "ఆరు," అంది, పలకరింపు కూడా లేకుండా.

"ఏం చేశారు?"

ఏం చేసిందో చెప్పింది. అవతల న్యూజెర్సీ అంతా వినపడేట్టు కాసేపు అరుపులు. ఆ తర్వాత, "రెండు రోజులు సగం చేయండి. మళ్లీ మామూలే," అంది. సగమే చేసింది. ఆర్విడ్‌కి ఆ రెండు రోజులూ కాస్త మాంసం దొరికింది. మూడో రోజుకి పొంగు దిగింది.

శనివారం పొద్దున ఏడింటికి ఆర్డిస్ పైమెట్టు మీద నిలబడింది. కింద పద్నాలుగు మంది ఆడవాళ్లు ఒక్కసారిగా తమ చేతిలోని బంగాళాదుంపల్ని వజ్రాల్లా పరీక్షించడం మొదలుపెట్టారు. ఒక్కరూ తలెత్తలేదు. ఒక్కరూ ఒక్క మెట్టు కూడా చూడకుండా వదల్లేదు.

ఆర్డిస్ కమ్మీ పట్టుకుని, నొప్పి కాలు ముందు, మంచి కాలు వెనక, ఒక్కో మెట్టూ దిగింది. ఎనిమిది దాటింది. తొమ్మిదో మెట్టు మీద మోకాలు పట్టేసింది. ఆగింది. కింద పెనం అప్పటికే వేడెక్కి ఉంది. దాని ముందు లవోన్, చేతిలో బద్ద.

"ఎంత?" అంది లవోన్, పైకే.

వంటింట్లో గరిటె చప్పుడు కూడా ఆగిపోయింది. ఆ చర్చి కట్టినప్పట్నించీ ఆ మెట్ల మీద అలాంటి ప్రశ్న ఎవరూ ఎవర్నీ అడగలేదు.

"నాలుగు," అంది ఆర్డిస్. "ఐదుండొచ్చు. ఊపిరి తీసుకోనీ."

ఎవరి చేతిలోంచో దుంప జారి దొర్లింది. ఆర్డిస్ ఊపిరి తీసుకుంది, మిగిలిన నాలుగూ దిగింది. నేరుగా వెళ్లి చెయ్యి చాపింది. లవోన్ బద్ద ఇచ్చింది.

ముప్పావుగంట సాగింది. రొట్టెలు ఒకదాని మీద ఒకటి గుడ్డ కింద పేరుకుంటున్నాయి. అప్పుడు మోకాలు సలపడం మొదలైంది. పోయిన ఏడాదైతే పళ్లు కరుచుకుని సాయంత్రం దాకా నిలబడేది. ఇప్పుడు, ఆరు కాకముందే కూర్చోమని కార్మెలా చెప్పిన మాట చెవిలో జోరీగలా తిరిగింది. అంతమంది ముందు బద్ద వదలడం మెట్లు దిగడం కంటే కష్టమైంది.

"పది నిమిషాలు," అని లవోన్ చేతిలో పెట్టింది. "పదకొండో నిమిషం లేదు."

పక్కనే కుర్చీలో కూర్చుంది. లవోన్ మొదటిది చింపింది. రెండోది మాడ్చింది. ఆర్డిస్ పెదాలు బిగించుకుని మోకాలు రుద్దుకుంటోంది. మూడోది బాగానే వచ్చింది, ఆ మాట పైకి అనడానికి నోరు రాలేదు. నాలుగోది పెనం మీద ఇంకా బుడగలు లేవకముందే లవోన్ బద్ద కిందికి దూర్చింది.

ఆర్డిస్ లేచింది. చేతులతో దేన్నీ పట్టుకోలేదు. ఆ సంగతి ఆమె చూసుకోలేదు కానీ పద్నాలుగు మందీ చూశారు.

"ఇంకా మూడు నిమిషాలుంది," అంది లవోన్. "ఎంతుందేమిటి నొప్పి?"

"నీ చేతిలో ఆ బద్ద చూస్తుంటే తొమ్మిది. ఇలా ఇయ్యి."