బియ్యం కడుగు తాగిన చెట్టు

జులై, శనివారం సాయంత్రం. ఎడారి ఊరైన చాండ్లర్‌లో మా అమ్మాయి ఇంటి పెరడు. ఉన్నవారు: నేను, నా భార్య, అమ్మాయి, అల్లుడు.

డైరీలో ఇంతవరకు రాసి తలెత్తాను. ఆగ్నేయం నుంచి గోధుమరంగు ధూళిగోడ ఇళ్ళ కప్పుల్ని మింగుకుంటూ వస్తోంది.

మూడేళ్ళుగా ఇక్కడే ఉన్నాం. అక్టోబరులో పూర్తిగా మన దేశానికి తిరిగి వెళ్తున్నాం. ఆ తర్వాత పెరడు చూసే తీరిక పిల్లలిద్దరికీ లేదు. అది తనంతట తాను బతికితే సరే, లేకపోతే కాంక్రీటు పోయిస్తానని అల్లుడు ముందే చెప్పాడు. అందుకే వచ్చిన కొత్తలో పచ్చిక పీకేసి, కంకర పరిచి, మధ్యలో పాలో వెర్డే నాటాం. బెరడు కూడా ఆకుపచ్చగా ఉండే ముళ్ళచెట్టది. గోడ పక్కన మెస్కీట్ అంతకుముందు నుంచే ఉంది, మన తుమ్మలాంటిది. దాని జోలికి ఎవరం పోలేదు.

బియ్యం కడిగిన నీళ్ళు సింకులో పారబోయడం మా ఆవిడకు పాపం. రోజూ గిన్నెతో తెచ్చి పాలో వెర్డే మొదట్లో పోసేది. చెట్టు ఏపుగా ఎదిగి ఇంటి కప్పును దాటింది.

గాలి ఒక్క దెబ్బతో కుర్చీల్ని గోడకేసి కొట్టింది. చెట్టు మొదట్లో కంకర పగిలి పైకి లేచింది. మా ఆవిడ పరుగెత్తి కాండానికి భుజం ఆనించింది.

"వదిలేయండి అత్తయ్యగారూ, మీ మీద పడుద్ది."

"వదిలితే పడిపోతుంది బాబూ."

అల్లుడు ఆమె నడుం పట్టుకుని వెనక్కి లాగాడు. చెట్టు కూలింది. ముళ్ళు ఆమె ముంజేతిని మోచేతిదాకా చీల్చుకుంటూ పోయాయి. కొమ్మ తగిలి పెరటి తలుపు అద్దం బద్దలై గాజుముక్కలు వంటింటిదాకా ఎగిరాయి. అమ్మాయి తువ్వాలుతో తల్లి చేతిని బిగించి కట్టింది. తువ్వాలు ఎర్రబడింది.

గాలివాన తగ్గాక అల్లుడు రంపం తెచ్చాడు. కొమ్మల్ని కోస్తుంటే కోపమంతా వాటిమీదే తీర్చుకుంటున్నట్టుంది. వేళ్ళ దగ్గరికొచ్చి ఆగాడు. ఒక్కటీ కిందికి దిగలేదు. పైమట్టిలోనే చాపలా అల్లుకున్నాయి.

"వీటికి లోపలికెళ్ళే అవసరమే రాలేదు మామయ్యగారూ."

"గుమ్మంలోకే భోజనం వస్తుంటే బజారుకెవరెళ్తారు?" అంది అమ్మాయి.

"మొక్కకి ఇన్ని నీళ్ళు పోయడం కూడా తప్పేనా?" అంది మా ఆవిడ.

అల్లుడు రంపం కింద పెట్టాడు.

"సోమవారం కాంక్రీట్ వాళ్ళకి కాల్ చేస్తా," అన్నాడు అల్లుడు.

"చెయ్యండి. ముందు అటు చూసి చెయ్యండి," అన్నాను గోడవైపు చూపిస్తూ.

గోడ పక్కన మెస్కీట్ రెండు కొమ్మలు విరిగి, ఆకు రాలి, వీధికుక్కలకు చిక్కినదానిలా ఉంది. కానీ నిలబడే ఉంది.

మర్నాడు పొద్దున వంటింట్లో బియ్యం కడుగుతున్న చప్పుడు విన్నాను. మా ఆవిడ కట్టుకట్టిన చేత్తోనే గిన్నె పట్టుకుని పగిలిన తలుపుదాకా వచ్చింది. పెరట్లో అల్లుడు గడ్డపారతో గుంతను వెడల్పు చేస్తున్నాడు.

"ఇంకో మెస్కీట్ పెడతాను అత్తయ్యగారూ. నీళ్ళు మాత్రం నేనే పెడతా. ఎప్పుడో ఒకసారి, బాగా లోతుకి దిగేలా. మీరు పొయ్యకూడదు."

"నీళ్ళు చెట్టు మొదట్లో పెట్టకండి. కాస్త ఎడంగా పెట్టండి," అందామె.

వెనక్కి తిరిగి, గిన్నెలో నీళ్ళు సింకులో గుమ్మరించింది.