కాలు కింద పెట్టని మనిషి

కోరుట్లలో సైకిళ్లు బాగుచేస్తూ అందరితో ఉస్తాద్ అనిపించుకున్న మనిషి కన్నుమూశాడని మొన్న మంగళవారం ఉదయం ఆయన బిడ్డ ఫోన్ చేసి చెప్పింది. "పంతులూ, బాపు పోయిండు. మన ఊరికే తెస్తున్నం. నువ్వు రావాలె" అన్నది, అంతే. మల్లాపూర్ దగ్గరి మా ఊరి దొర చనిపోయినప్పుడు పత్రికలో నిలువెత్తు బొమ్మ వేసి, కింద 'ధర్మప్రభువు' అని అచ్చు వేయించారు. ఉస్తాద్‌కు ఒక్క వాక్యమైనా పడలేదు. అందుకే ఇది రాస్తున్నాను. ఇందులో కృతజ్ఞత ఎంత ఉందో పగ కూడా అంతే ఉంది. క్షమ వీరులకు భూషణమని జీవితమంతా పాఠం చెప్పినవాణ్ణి. ఈ ఒక్క విషయంలో ఆ భూషణం నా మెడకు పట్టలేదు. దొర పేరు రాయను. ఆ పేరు లోకం మరిచిపోవాలన్నదే నా కోరిక.

దొర కోటలాంటి ఇల్లు, మా ఊరి గడి, దాని ముందు రాళ్లతో నిండిన ఎత్తుబాట ఒకటి ఉంది. అక్కడ ఎవరైనా సైకిల్ దిగి, చెప్పులు చేత పట్టుకొని నడవాలన్నది ఆనాటి కట్టుబాటు. బాట చదును చేసుకుంటామని ఊరివాళ్లు రెండుసార్లు అడిగినా దొర ఒప్పుకోలేదు. రాళ్లుంటే ఎట్లాగూ దిగుతారు. దిగిన ప్రతివాడూ తనకు దండం పెట్టినట్టేనని ఆయన తృప్తి.

ఉస్తాద్ తండ్రి సిరిసిల్ల మగ్గాల మీద నేసిన చీరలు సైకిల్‌కు కట్టుకొని ఊరూరా అమ్మేవాడు. ఒకనాడు పైనుంచి వస్తూ, వాలులో బ్రేకు పట్టక, గడి దాటేదాకా దిగలేకపోయాడు. దొర మనుషులు ఆ సైకిల్ పెడళ్లు రెండూ ఊడదీసి, తాడుకు గుచ్చి, ఆయన మెడలో వేసి ఊరంతా తిప్పారు. ఎడమ పెడల్ మర తిరగేసి ఉంటుంది. అది తెలియక వాళ్లు విప్పబోయి మరింత బిగించి, చివరకు సుత్తితో కొట్టి ఊడదీశారు. "ఎడమ పెడల్ ఇప్పరానోళ్లు మా బాపుకు శిక్ష ఏసిండ్రు" అని ఉస్తాద్ చివరిదాకా పళ్లు నూరేవాడు.

ఆనాడు నేను గడి అరుగు మీదే ఉన్నాను. దొరకు పురాణం వినిపిస్తున్నాను. శరణన్నవాణ్ణి విడువరాదని చెప్పే ఘట్టం. దొర నా వైపు తిరిగి, "ఏమంటవు పంతులూ, శాస్త్రం ఒప్పుకుంటదా?" అన్నాడు.

"ప్రభువుల చిత్తం" అన్నాను.

ఆ పెద్దాయన మళ్లీ సైకిల్ ఎక్కలేదు. మరుసటి ఏడు పోయాడు.

కొన్నేళ్లకు కొడుకు కోరుట్లలో దుకాణం పెట్టాడు. నా సైకిల్ తీసుకొని వెళ్లిన మొదటి రోజు తిట్లకు సిద్ధపడే వెళ్లాను. "అరికాలు సూపియ్యి పంతులూ" అన్నాడు. పెడల్ కావాలన్న ఎవరినైనా ముందు అదే అడిగేవాడు. "చేతికి నచ్చింది కాలుకు నచ్చది" అనేవాడు. పెడల్‌కు తడి మట్టి రాసి బొటనవేలితో అదిమి జారుతుందేమో చూసేవాడు. గలగలలాడుతూ తిరిగేదాన్ని పక్కన పడేసేవాడు: "గిది మా బామ్మర్ది అసొంటిది. ఒర్రుడెక్కువ, నిలుసుడు తక్కువ."

అడవి నుంచి అన్నలు ఊళ్లలోకి వస్తున్న రోజులవి. దొర పిల్లలు పట్నం చేరారు. గడి కప్పు మీద పోలీసులు కాపలా ఉన్నారు. దొర మాత్రం అరుగు విడువలేదు. నేను దుకాణంలో ఉండగా, చైను బిగించుకోవడానికి వచ్చిన ఒక యువకుడు గొంతు తగ్గించి, "ఉస్తాద్, నీ పగ మాకు అప్పజెప్పు" అన్నాడు.

ఉస్తాద్ చేతిలోని పానా కింద పెట్టలేదు. "వద్దు తమ్మీ. మీరు కొడితె ఆనికి ఒక్కపారే నొప్పి. నేనా బాట ఎక్కిపోతె బతికినన్ని దినాలు యాదికుంటది. ఆడు సల్లగ నూరేండ్లు బతకాలె."

అంత క్రూరమైన దీవెన నేను ఏ గ్రంథంలోనూ చదవలేదు.

ఎక్కడమంటే కాలు కింద పెట్టకుండా ఎక్కడం. ఒక్క వేలు నేలకు తగిలినా 'దిగిండు' అంటారు. కనుక అంతా పెడళ్ల మీదే ఉంది. జగిత్యాల నుంచి తెచ్చిన రబ్బరు పెడళ్లు చెమటకే జారాయి. పళ్లున్న అల్యూమినియం పెడళ్లు కాలిని బాగా పట్టాయి కాని, రాయి తగిలి రెండోనాడే పగిలాయి. తండ్రి మెడలో వేసిన ఇనుప పెడళ్లు దుకాణంలో మేకుకు వేలాడుతున్నాయి. వాటినే బాగుచేసి బిగించరాదా అన్నాను.

"గవి బాపు మెడల వడ్డయి పంతులూ. వాటి మీద కాలెట్ల పెడ్త?"

చివరకు వేరే పాత ఇనుప పెడళ్లు వెతికి తెచ్చి, ఆకురాయితో ఒక్కొక్క పన్నూ తానే కోశాడు. నాలుగు నెలలు రాళ్లగుట్ట మీద వట్టి కాళ్లతో సాధన చేశాడు. పెడళ్లు అరగలేదు, అరికాళ్లు చీలాయి.

"ఆ దినం నువ్వు అరుగు మీద కూసోవాలె" అన్నాడు నాతో. "దొరకు కండ్లు మబ్బువట్టినయి. అడిగితె నిన్నే అడుగుతడు." నన్ను క్షమించాడని అనుకోకండి. పని అప్పగించాడు.

ఆ ఉదయం ఉస్తాద్ కాళ్లకు టైరు చెప్పులు తొడుక్కొని వచ్చాడు. మొదటి రాళ్లు ముందుచక్రం లేపి దాటాడు. నడిమి బండ దగ్గర సైకిల్ ఆగిపోయింది. రెండు కాళ్లూ పెడళ్ల మీదే ఉన్నాయి. సైకిల్ అటూ ఇటూ ఊగుతోంది. కప్పు మీది పోలీసు ఒకడు "పడ్తడు, పడ్తడు" అని నవ్వాడు. ఇనుప పళ్లు టైరు రబ్బరును కరిచి పట్టాయి. సైకిల్ కదిలింది.

"ఎవడు పంతులూ గాడు? దిగిండా?" అన్నాడు దొర.

"చీరలాయన కొడుకు దొరా. దిగలేదు."

"కాలన్న కింద పెట్టి ఉంటడు. సక్కగ సూడు."

"పెట్టలేదు దొరా. చెప్పులూ విడువలేదు."

ఆయన మూడోసారీ అడిగాడు. నేను అదే జవాబు, ఇంకొంచెం నిదానంగా చెప్పాను. అప్పుడు నాకు కలిగిన సుఖం పండితునికి తగినది కాదు. ఇప్పటికీ అప్పుడప్పుడు దాన్ని తలచుకొని చప్పరిస్తుంటాను. నెల తిరగకముందే దొర అరుగు విడిచి పట్నం పోయాడు. ఉస్తాద్ దీవించినట్టే, చాలా ఏళ్లు బతికాడు.

మొన్న ఉస్తాద్‌ను ఆ బాట మీదుగానే మోసుకెళ్లాం. శ్మశానానికి పోయేటప్పుడు మధ్యలో పాడె దింపి, పోయినవారి చెవిలో మూడుసార్లు పిలుస్తారు. దింపుడు కళ్ళం అంటాం. మా ఊళ్లో ఆ చోటు తరతరాలుగా గడి ఎదురుగానే. మోసేవాళ్లు వంగబోతుంటే, నిప్పుకుండ పట్టుకొని ముందు నడుస్తున్న బిడ్డ వెనక్కి తిరిగింది.

"ఈడ దింపకుండ్రి. మా బాపు ఈడ దిగలె."

"ఆచారం గద బిడ్డా" అన్నాడొక పెద్దమనిషి. ఆపైన అందరూ నా వైపు చూశారు. "పంతులూ, శాస్త్రం ఒప్పుకుంటదా?"

అదే చోటు, అదే ప్రశ్న.

"ఒప్పుకుంటుంది. నడవండి" అన్నాను.

నలుగురూ రాయి రాయి వెతుక్కుంటూ ఎక్కారు. గడి కప్పు కూలింది. అరుగు మీద తుమ్మ మొలిచింది. వెనుక నడుస్తున్న నాకు, గుడ్డ తొలగి, ఉస్తాద్ అరికాళ్లు కనిపించాయి. ఇనుప పళ్లు దిగిన నల్లని చుక్కలు, ఒక్కో కాలికి రెండు వరుసలు, ఆ రాళ్లకు మనిషెత్తు పైన ఊగుతూ సాగిపోయాయి.