ఇద్దరికి సరిపడా గాలి

టైర్ల షాపు ముందు బండి ఆపి, రెండు కాళ్లూ నేలకు ఆనించి, ఆయన "దిగు బావా" అన్నాడు. అని మర్యాదగా ఎదురుచూశాడు.

వెనక కూర్చున్న మనిషి దిగాక భుజం మీద ఒకసారి తట్టాలి. ఎక్కి సర్దుకున్నాక రెండుసార్లు తట్టాలి. పదకొండేళ్లుగా వాళ్లిద్దరి మధ్య పద్ధతి అది. ఆ పూట తట్టు పడలేదు. ఎలా పడుతుంది, వెనక ఎవరూ లేరు. ఏడాదిన్నరగా లేరు. ఆ సంగతి గుర్తొచ్చి ఆయన ఎడమకాలు కాస్త సడలించాడు. మూడువందల ఎనభై కిలోల బండి దాన్నే అనుమతిగా తీసుకుని, ఏ తొందరా లేకుండా పక్కకి ఒరిగి పడుకుంది. ఆయన కూడా దాని పక్కనే పడుకున్నాడు.

షాపావిడ చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చి ఇద్దర్నీ చూసింది.

"టైరు చూపించడానికి ఇలా పడుకోబెట్టక్కర్లేదండీ. నిలబెట్టినా కనిపిస్తుంది" అంది.

ఆయన లిఫ్టు మెకానిక్కు. మా పై వాటాలో, మూడో అంతస్తులో ఉంటాడు. మా మేడకి లిఫ్టు లేదు. ఊళ్లో అందర్నీ పైకీ కిందకీ మోసే మనిషి సాయంత్రానికి మోకాళ్లు పట్టుకుని మెట్లెక్కుతుంటే, మేం పలకరింపుగా దారి ఇస్తాం. ముప్పై నాలుగేళ్లుగా ఆయన పని చీకటి గోతిలో, లిఫ్టు పెట్టె నెత్తిన నిలబడి ఇనప తాళ్లకి గ్రీజు పూయడం. లోపల ఇరుక్కున్నవాళ్లు పైనుంచి గొంతు వినపడగానే దేవుడే దిగొచ్చాడన్నంతగా మొక్కుతారట. తీరా తలుపు తెరుచుకుని గ్రీజు చేతుల మనిషి కనపడేసరికి గడియారం చూసుకుంటూ వెళ్లిపోతారట. పెళ్లి ఎందుకు చేసుకోలేదండీ అని ఎవరన్నా అడిగితే, "నేను నొక్కినప్పుడు లిఫ్టు వేరే అంతస్తులో ఉంది" అంటాడు.

ఆయనకున్న ఒకే ఒక్క విలాసం ఆ బండి. దూరప్రయాణాలకని చేసింది, ముందు గాలి ఆపే అద్దం, వెనక సోఫాలాంటి సీటు. ఆ సోఫా బావది. అక్కమొగుడు. లెక్కల మాస్టారు, తొంభై రెండు కిలోలు, ఎక్కడైనా నిద్రపోగల సమర్థుడు. పరీక్షహాల్లో కాపలా కాస్తూ పిల్లలు ప్రశ్నపత్రం చదవడం పూర్తయ్యేలోగా గుర్రుపెట్టాడని చెప్పుకుంటారు. ఆదివారం తెల్లవారగానే ఇద్దరూ బయల్దేరేవాళ్లు. నూట నలభై కిలోమీటర్ల అవతల రోడ్డు పక్కన ఒక టీకొట్టుంది. అక్కడ టీ తాగి వెనక్కి రావడం, అంతే ప్రయాణం. దారిలో బావ కునికేవాడు. అతని హెల్మెట్ వచ్చి ఈయన హెల్మెట్‌కి ఠక్కున తగిలేది. మలుపు దగ్గర పడితే ఈయన "మలుపు" అని ఒక్క కేక పెట్టేవాడు. బావ లేచి నడుం సర్దుకునేవాడు. మలుపు దాటాక మళ్లీ ఠక్.

ఏడాదిన్నర కిందట ఒక ఆదివారం ఠక్కులు మరీ ఎక్కువయ్యాయి. టీకొట్టు దగ్గర ఆపి, పదిమంది ముందు ఈయన అన్నాడు: "ఇదే ఓ బస్తా కట్టుకొచ్చుంటే కుదురుగానైనా ఉండేది."

పదిమందీ నవ్వారు. బావ కూడా ముందు నవ్వబోయాడు. బస్తా అన్నది తననే అని రెండో క్షణంలో తట్టినట్టుంది. గ్లాసు కింద పెట్టాడు. ఎదురుగా ఆగిన బస్సెక్కాడు. కోపంలో హెల్మెట్ తియ్యడం మర్చిపోయాడు. కిటికీ పక్కన హెల్మెట్టుతో కూర్చున్న మాస్టారుని తీసుకుని బస్సు వెళ్లిపోయింది.

మర్నాడు ఫోన్ చేసుంటే పోయేది. ఆయన చెయ్యలేదు. బావే చేస్తాడనుకున్నాడు. అవతల బావా ఇదే అనుకుని ఉంటాడు. ఇలాంటివి వారం దాటితే గడ్డకడతాయి, నెల దాటితే గోడవుతాయి.

ఆదివారాలు మాత్రం ఆగలేదు. ఆయన ఒక్కడే వెళ్లేవాడు. టీకొట్టతను అలవాటుగా రెండు గ్లాసులు పెట్టేవాడు. ఒకటి చాలంటే ఎందుకో చెప్పాలి, అందుకని ఆయన రెండూ తాగేవాడు. మలుపు దగ్గర నోరు దానంతటదే కేక పెట్టేది. ఒకసారి పక్కన పోతున్న సైకిలాయన ఆ కేకకి ఉలిక్కిపడి, అవసరం లేకపోయినా పక్క సందులోకి తిరిగిపోయాడు. ఇంటికొచ్చాక తలుపు వెనక రెండు కొక్కేల్లో ఒకదానికి హెల్మెట్ తగిలించేవాడు. రెండోది ఖాళీ. ఆ ఆదివారం సాయంత్రాలు పైనుంచి కుర్చీ జరిపిన చప్పుడు ఒక్కసారి వినపడేది. తరవాత ఏమీ వినపడేది కాదు.

ఈలోగా వెనక టైరు అరిగిపోయింది. కొని ఏడాది కూడా కాలేదు. అంతకుముందుదీ అంతే. ఈసారైనా ఎక్కువకాలం మన్నేది వెయ్యాలని ఆ రోజు షాపుకొచ్చాడు.

ఇద్దరూ పట్టి బండి లేపారు. షాపావిడ ముక్కాలిపీట లాక్కుని వెనకచక్రం దగ్గర కూర్చుంది. కళ్లు మూసుకుని టైరు మీద అరచెయ్యి అటునుంచి ఇటు పాకించింది. ఆవిడ టైరు చూడటం అదే.

"నడిమధ్య బల్లలా అరిగిపోయింది. అంచులు చూస్తే నిన్న కొన్నట్టున్నాయి. వెనక ఎవరైనా కూర్చుంటారా?"

"కూర్చుంటారు."

"బరువెంతుంటారు?"

"తొంభై రెండు."

ఆవిడ గాలి మీటరు పెట్టి చూసింది. "గాలి నలభై రెండుంది. అంత బరువుకి సరిగ్గా సరిపోతుంది. టైరు మాత్రం ఒక్కరే తిరుగుతున్నారంటోంది. మీరు చెప్పింది నమ్మనా, టైరు చెప్పింది నమ్మనా?"

ఆయన గోడకి పేర్చిన టైర్లకేసి చూశాడు.

"ఇద్దరి గాలి పెట్టి ఒక్కరే తిరిగితే టైరు మధ్యలో ఉబ్బుతుంది. ఆ మధ్య భాగమే రోడ్డుని తాకుతుంది, అదే అరుగుతుంది. మీకు తెలీదంటే నేను నమ్మను. చొక్కా మీదే రాసుంది, బరువులెత్తే మెషిన్లు బాగుచేసే మనిషి మీరు."

తెలియక కాదు. బావ బస్సెక్కిన మర్నాడే మీటరు పట్టుకుని చక్రం దగ్గర కూర్చున్నాడాయన. ఆరు పాయింట్లు గాలి తీసెయ్యాలి. పిన్ను నొక్కితే అయిపోతుంది. నొక్కలేదు. తీసేస్తే, బావ ఇక రాడని తనే ఒప్పుకున్నట్టవుతుందనిపించింది. అప్పట్నుంచి ప్రతి ఆదివారం నలభై రెండే.

ఆవిడ మూడు టైర్లు దొర్లించుకొచ్చింది. "ఇది మెత్తది. రోడ్డుని బల్లిలా పట్టుకుంటుంది, పదివేల కిలోమీటర్లకి చేతులెత్తేస్తుంది. ఇది ఒళ్లంతా గట్టిది. ఎన్నాళ్లయినా ఉంటుంది, వానలో మాత్రం మీ మాట వినదు. ఈ మూడోది మధ్యలో గట్టిది, అంచులు మెత్తన. తిన్నటి రోడ్డులో అరగదు, మలుపులో జారదు. మీకు ఇదే."

"కారు టైరు వేయించుకోమన్నాడు ఒకాయన. చాలాకాలం వస్తుందట."

"ఆ ఒకాయన్ని వెనక కూర్చోబెట్టుకుని ఒక మలుపు తిప్పండి. కారు టైరు పెట్టెలా పలకగా ఉంటుంది. పెట్టె వంగదండీ, గుండ్రటిదే వంగుతుంది." మూడో టైరు పక్కవైపు అచ్చుకొట్టిన నాలుగంకెల తయారీ తేదీ చూపించింది. "తయారై పదకొండు వారాలు. తాజాది. పాతికవేలు నడుస్తుంది. కానీ దీనికీ నలభై రెండు కొట్టి ఒక్కరే తిరిగితే ఇదీ నడిమధ్యే పోతుంది. అప్పుడు టైరు మంచిది కాదని నా మీద పడతారు. అందుకని ముందే అడుగుతున్నా. గాలి ఒకరికా, ఇద్దరికా?"

"ఒక్క నిమిషం అమ్మా" అని ఫోను తీసుకుని షాపు బయటికెళ్లాడు. పాత టైర్ల గుట్ట వెనక నిలబడి నొక్కాడు. నాలుగో రింగుకి అవతల ఎత్తారు.

"బావా" అన్నాడు ఈయన. ఏడాదిన్నరగా దాచుకున్న మాటలన్నీ నోటికి అడ్డంపడ్డాయి. ఆఖరికి బయటికొచ్చింది ఇది: "నీ బరువెంత ఇప్పుడు?"

"ఎందుకు?"

"టైర్ల షాపులో అడుగుతున్నారు."

"బస్తాని తూస్తున్నారా?"

"ఆ మాట తప్పే బావా. అనకుండా ఉండాల్సింది."

బావ గొంతు సవరించుకుని, "ఎనభై తొమ్మిది" అన్నాడు.

"తొంభై ఆరు" అని వెనకనుంచి అక్క గొంతు వినపడింది. "ఎవరితో అబద్ధాలు చెప్తున్నారు?"

"ఆదివారం వస్తావా?"

"ఆదివారం నాకు పనుంది" అని బావ పెట్టేశాడు.

ఆయన లోపలికొచ్చి చెప్పాడు. "తొంభై ఆరట. వస్తాడో రాడో తెలీదు."

షాపావిడ టైరు ఎక్కించడం పూర్తిచేసి గొట్టం అందుకుంది. "అయితే ఇవాళ ఒకరికే పెడతాను. వచ్చిన రోజు నింపుకోండి. గాలి ఎక్కడైనా దొరుకుతుందండీ."

ముప్పై ఆరు దగ్గర ఆపేసింది. ఆయన వద్దనలేదు. ఇంటికొస్తుంటే బండి మెత్తగా పోయింది. ఏడాదిన్నరగా ఊళ్లో రోడ్లు పాడైపోయాయని కనపడినవాళ్లందరికీ చెప్పాడాయన. పాడవలేదు.

అక్కవాళ్ల వీధి మొదట్లో ఒక పెట్రోలు బంకుంది. ఆ ఆదివారం ఆరుగంటలకి ఆయన అక్కడ ఆగి గాలి చూసుకున్నాడు. రెండు నిమిషాల పని, పావుగంట చేశాడు. వీధిలోంచి ఎవరూ రాలేదు. ముప్పై ఆరుతోనే వెళ్లి, రెండు టీలు తాగి వచ్చాడు. తరవాతి ఆదివారమూ అంతే. మూడో వారం వాన. తడుస్తూ పావుగంట గాలి చూసుకున్నాడు. నాలుగో వారం బంకు మనిషి, "సార్, ఆ చక్రంలో ఏదన్నా పారేసుకున్నారా?" అని అడిగాడు.

ఐదో వారం ఆయన వెళ్లేసరికి గాలిగొట్టం పక్కన బావ నిలబడి ఉన్నాడు. నెత్తిన హెల్మెట్, బిగించి ఉంది. చూపు మాత్రం ఎటో ఉంది.

ఆయన వంగి గొట్టం తగిలించాడు. మీటరు ముప్పై ఆరు నుంచి ఒక్కో అంకె ఎక్కుతూ నలభై రెండు చేరింది. మూత బిగించి బండెక్కాడు. వెనక సోఫా బరువుగా కుంగింది. భుజం మీద రెండు తట్లు పడ్డాయి.

ఊరు దాటి తిన్నటి రోడ్డెక్కాక వెనకనుంచి విసుగ్గా గొంతు వినపడింది.

"ఏం టైరు కొన్నావురా బామ్మర్దీ, ఒక్క గతుకూ తెలియట్లేదు. ఇలా ఊయల ఊపినట్టు తీసుకెళ్తే మనిషన్నవాడు మెలకువగా ఎలా ఉంటాడు?"

"నువ్వు పడుకో బావా, మలుపొస్తే లేపుతాగా."