పోలీసోళ్ల గ్యాస్

తెలంగాణ ఉద్యమం జోరు మీదున్న రోజులు. నేనూ, మా తోటికోడలు రాజవ్వా కోరుట్లలో ఒక ఫంక్షన్ హాలు శుభ్రం చేసే పనిలో ఉండేవాళ్లం. ఆ రోజు హాలు ముందు రోడ్డు మీదే ఉద్యమకారులు వంటావార్పు పెట్టారు. చుట్టూ పోలీసులు. ఎప్పుడు లాఠీ లేస్తుందోనని నాకు ఒకటే అనుమానం.

రోడ్డు వైపున్న బాత్రూంలో పాకుడు వదలడం లేదని బ్లీచింగ్ పౌడర్ చల్లాం. దాని మీదే రాజవ్వ యాసిడ్ కుమ్మరించింది. కాసేపటికే కళ్లు మండాయి, గొంతు పట్టేసింది, దగ్గు ఆగలేదు.

“చెల్లే, పోలీసోళ్లు గ్యాస్ కొట్టిండ్రే! జల్ది కిటికీ మూయ్!” అంది రాజవ్వ.

కిటికీ మూసి, తలుపు గడియ పెట్టి, సందుల్లో తడిగుడ్డలు కుక్కాను. మంట తగ్గలేదు సరికదా, ఊపిరే ఆడలేదు. ఇంతలో ఎవరో తలుపు బాదారు.

“ఎవలు?”

“పోలీస్. తలుపు తియ్యక్కా! గా దగ్గేంది?”

“తియ్యకు, పట్కపోతరు,” అంటూనే రాజవ్వ గోడ వెంట జారి కూలబడింది. ఇక తీయక తప్పలేదు.

ఎదురుగా కానిస్టేబుల్. చేతికి పప్పన్నం ఇంకా అంటుకునే ఉంది. బయట జనం హాయిగా తింటున్నారు. ఒక్కరి కంట్లోనూ నీళ్లు లేవు.

రాజవ్వను బయటికి లాగాక ఆయన లోపలికి తొంగిచూసి ముక్కు మూసుకున్నాడు. “ఇయ్యాల మేం గ్యాస్ కొట్టలే అక్కా. మీకు మీరే కొట్టుకున్నరు.”

పౌడర్, యాసిడ్ కలిస్తే విషవాయువు పుడుతుందని ఆ రోజే తెలిసింది. రాజవ్వ సాయంత్రానికి తేరుకుంది.

పోలీసులంటే నాకిప్పటికీ అనుమానమే. కానీ యాసిడ్ డబ్బా ముట్టుకునే ముందు మాత్రం బయట వాళ్లున్నా సరే, కిటికీ తెరుస్తాను.