డొరీన్ గెలిచిన కుర్చీ

"ఆ డొరీనే రాసిందని నమ్మడానికి నా చెవిలో పువ్వులేమైనా కనిపిస్తున్నాయా?" అంటూ నెస్టా టీ కెటిల్‌ను దబ్బున బల్ల మీద పెట్టింది.

"గెలిచిన పద్యం కింద ఉన్న మారుపేరు పిలవగానే సభలో లేచి నిలబడింది ఆవిడే కదా, తల్లీ!" అన్నాడు పెన్రి.

"నిలబడటానికి కాళ్లుంటే చాలు. యతిప్రాసలు బిగించి వెల్ష్‌లో పద్యం రాయాలంటే భాష రావద్దూ? ఆవిడది ఇంగ్లీషు వాళ్ల లివర్‌పూల్! పోయిన మొగుడి కాగితాలు తీసి పోటీకి పంపేసుంటుంది. ఏమయ్యా దిల్విన్, రోజూ నీ కొట్టుకే వస్తుందిగా. ఒక్క వెల్ష్ ముక్క విన్నావా ఆవిడ నోట?"

దిల్విన్ బుర్ర గోక్కున్నాడు. ఇరవై రెండేళ్లలో ఒక్కటీ గుర్తుకు రాలేదు.

"లేదు," అన్నాడు.

అంతే, డొరీన్ దొంగ అయిపోయింది. గెలిచిన కవికి బహుమానంగా ఇచ్చే కుర్చీ ఆవిడ ఇంటికి చేరకుండా, ఊరి ప్రార్థన మందిరమైన చాపెల్ పక్కగదిలోనే ఉండిపోయింది. పోటీ కార్యదర్శివి నువ్వే కాబట్టి వెళ్లి నిజం రాబట్టుకురా అని దిల్విన్‌ను తరిమారు.

గొర్రెల కాపరి ఎమ్లిన్‌ను చేసుకుని వేల్స్‌లోని ఈ కొండ ఊరికి వచ్చిన మనిషి డొరీన్. పద్దెనిమిదేళ్లు బడి వంటగదిలో బంగాళాదుంపలు చెక్కింది. చాపెల్‌లో ఎప్పుడూ వెనక బెంచీయే. ఎవరింట్లో చావు జరిగినా ముందు చేరేది ఆవిడ చేసిన ఎండుద్రాక్షల రొట్టె. ఊరికి ఆవిడ గురించి తెలిసింది అంతే. అంతకుమించి ఎవరూ అడగలేదు.

డొరీన్ తలుపు తీయగానే దిల్విన్ కళ్లు ఇల్లంతా వెతికాయి. అలమరలో పాత నోటు పుస్తకాల కట్ట కనిపించింది. దొరికింది అనుకున్నాడు.

"అవి ఎవరివి?" అని ఇంగ్లీషులో అడిగాడు.

"ఎమ్లిన్‌వి. గొర్రెలకి ఏ మందు ఎప్పుడు వేశాడో రాసుకున్నాడు. చూడండి." జవాబు వెల్ష్‌లో వచ్చింది. యాస లివర్‌పూల్‌దే, మాట మాత్రం తడుముకోలేదు.

తిరగేశాడు. మందులే. అయినా అనుమానం చావలేదు. "మరి పద్యం?"

"మూడో చరణానికి సభంతా నవ్వింది, గుర్తుందా? మీరూ నవ్వారు."

గుర్తుంది. ఆ చరణంలో ఒక కొట్టతను బల్ల కింద రెండు భాషలు దాచుకుంటాడు. ఊరందరికీ ఒకటి తూచి ఇస్తాడు, ఒక్క మనిషికి మాత్రం రెండోది. ఎవరో పిసినారి అనుకుని దిల్విన్ పొట్ట పట్టుకుని మరీ నవ్వాడు. ఇప్పుడు చెవులు వేడెక్కాయి.

"నేను మర్యాదకే..." అన్నాడు, ఈసారి వెల్ష్‌లో.

"తెలుసు. వచ్చిన కొత్తలో నేను మాటకోసం వెతుక్కుంటుంటే చూడలేక ఇంగ్లీషులోకి మారారు. మళ్లీ వెనక్కి రాలేదు. ఊళ్లో అందరూ అంతే."

"కుర్చీ ఇప్పుడే తెప్పిస్తాను."

"దానికేం తొందర లేదు. రేపు మీ కొట్టుకి రొట్టె కొనడానికి వస్తాను. అప్పుడు ఒక్క పని చేసి పెట్టండి, దిల్విన్. నేను ఎక్కడైనా ఆగితే మీరు ఇంగ్లీషు అందుకోవద్దు. వెనక ఎంతమంది నిలబడి ఉన్నా సరే, నా మాట అయ్యేదాకా ఆగండి."